గురువారం నీళ్ళ వంతు

బర్రాంకాస్ చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో చలికాలం వస్తే కొమ్మలు కత్తిరించడం మగవాళ్ళ పని. మిగిలిన కొమ్మలను తీగకు కట్టడం ఆడవాళ్ళ పని. ఒతీలియా మొయానో తండ్రి పోయిన ఏడు ఆ ఇంట్లో కత్తెర పట్టేవాళ్ళు లేకపోయారు. పంతొమ్మిదేళ్ళ ఒతీలియా దాన్ని పట్టుకుంది. చూసినవాళ్ళు నవ్వారు. రెండేళ్ళకు పెద్ద తోటలవాళ్ళే వచ్చి పనికి పిలిచారు. ఆ తరవాత నలభైరెండు చలికాలాలు ఆమె పరాయి తోటల్లో కొమ్మలు కత్తిరిస్తూనే ఉంది. కుడిచేతి బొటనవేలు పక్కకు వంగిపోయి అలాగే ఉండిపోయింది.

సొంతానికి ఆమెకు తండ్రి ఇచ్చిన ముసలి తోట ఉంది, ముప్ఫై ఆరు సాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ తోట అమ్మేసి పట్నం పోదామన్నారు.

అక్క ఎర్సీలియా మాత్రం వెళ్ళిపోయింది. కొండల అవతల చిలీలో, లాస్ ఆందెస్ ఊళ్ళో, రైల్వేలో పనిచేసే నికానోర్‌ను చేసుకుంది. కొండదారి తెరిచి ఉంటే బండిలో ఆరు గంటలు. మంచు పడితే ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేరు. పెళ్ళయ్యాక కూడా ప్రతి ఏడూ కోతలకు ఎర్సీలియా వచ్చేది. సాలుకు అటొకరు ఇటొకరు నిలబడి, ఆకుల సందుల్లోంచి ఒకరి ముఖం ఒకరికి కనబడకుండానే రోజంతా మాట్లాడుకునేవాళ్ళు. మోకాళ్ళు పోయాక ఎర్సీలియా రావడం మానేసింది. ఇప్పుడొస్తా, అప్పుడొస్తా అంటూ ఒతీలియా వెళ్ళలేదు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఆగస్టు చివర్లో, అక్కడ చలికాలం ముగుస్తుండగా, ఒక బుధవారం మధ్యాహ్నం ఎర్సీలియా కూతురు హిమేనా ఫోన్ చేసింది.

"పిన్నీ, అమ్మకి బాగాలేదు. రెండు రోజులో మూడు రోజులో అంటున్నాడు డాక్టరు. నిన్ను అడుగుతోంది."

"మాట్లాడుతోందా?"

"కొంచెం కొంచెం. ఎప్పుడొస్తావు?"

"శుక్రవారం తెల్లవారగానే బయల్దేరతా."

"రేపు రాలేవా?"

"రేపు కాస్త పనుంది తల్లీ."

ఏం పనో ఒతీలియా చెప్పలేదు. రేపు గురువారం, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఆమె తోటకు నీళ్ళ వంతు. చలికాలమంతా కాలువలు ఆపేసి పూడిక తీశాక వదిలే మొదటి నీళ్ళు అవి. అక్కడ వానను నమ్ముకుని ఎవరూ తోట వెయ్యరు. కొండమీది మంచు కరిగి కాలువలో రావాలి. ఎవరి గంటలు వాళ్ళవి. గంట కొట్టగానే కాలువ తలుపు లేస్తుంది, గంట కొట్టగానే పడుతుంది. మనిషి లేకపోతే ఆ నీళ్ళు కిందివాడి తోటకు పోతాయి. మళ్ళీ పన్నెండు రోజులకు గానీ వంతు రాదు. ఆ ఏడు ముందే ఎండ కాసి మొగ్గలు ఉబ్బి ఉన్నాయి. నేల మాత్రం రాయిలా ఉంది.

పక్కతోట ఎవరిస్తో కంచె దగ్గరికి వచ్చాడు.

"అక్కకి బాగాలేదంటగా. వెళ్ళు ఒతీలియా. నీ తోటకు నీళ్ళు నేను కడతాలే. నేనేమన్నా తాగేస్తానా?"

"నువ్వు తాగవు. నీ తోట తాగుద్ది."

"అబ్బా, ఏడేళ్ళయింది. ఒక్క వంతు నా తోటకు మళ్ళించానని ఇంకా కడుపులో పెట్టుకున్నావా?"

"నా కడుపులో ఏం లేదు. నా తోటలో ఎండిపోయిన చివరి మూడు సాళ్ళు చూసుకో. అక్కడుంది."

ఎవరిస్తో నవ్వాడు. తరవాత నవ్వు ఆపి పడమటి వైపు గడ్డం ఎత్తాడు. శిఖరాలమీద బూడిదరంగు మబ్బు ఒకటి బల్లపరుపుగా పడుకుని ఉంది. దాని అర్థం ఇద్దరికీ తెలుసు. కింద లోయలో సోండా అనే కొండగాలి వేడిగా వీచబోతోందంటే పైన కనుమలో మంచు పడబోతోందన్నమాట.

"శనివారం దాకా రాదు" అంది ఒతీలియా.

"నువ్వు చెప్పావా, అది చెప్పిందా?"

"నలభై ఏళ్ళనుంచి చూస్తన్నా."

నిజంగానే ఆమె లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. ఏ రోజు కత్తిరించాలో, ఏ రోజు ఆగాలో పెద్ద తోటల మేస్త్రీలు కూడా ఆమెను అడిగేవాళ్ళు.

గురువారం నీళ్ళు వచ్చాయి. బూట్లు వేసుకుని, పార పట్టుకుని, ఒక్కొక్క సాలూ తెరుస్తూ మూస్తూ నాలుగు గంటలు నిలబడింది. నీళ్ళు చివరి సాలు దాకా పారాయి. ఒకటి రెండుసార్లు తల ఎత్తి కొండల వైపు చూసింది. ఎండ కాస్తోంది. ఆ సంగతి ఆ తరవాత ఆమె ఎన్నోసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

రాత్రిపూట తన పాత పికప్ బండితో కొండ ఎక్కడం కుదరదు కాబట్టి, శుక్రవారం తెల్లవారుతుండగా దాన్ని తీసింది. వెనక రెండు దుప్పట్లు, చక్రాలకు గొలుసులు, పక్క సీట్లో రొట్టె, మాతె ఆకు టీ కలుపుకునే వేడినీళ్ళ ఫ్లాస్కు. అగ్రెలో మీదుగా పోతుంటే రోడ్డుకు రెండువైపులా తోటలు ఆకుల్లేకుండా నల్లగా నిలబడి ఉన్నాయి. కత్తిరించిన పుల్లలు తగలబెట్టిన పొగ నేలబారుగా పాకుతోంది. ఏ తోట ఎవరు కత్తిరించారో దూరంనుంచే ఆమెకు తెలిసిపోతోంది. ఇది తొందరపడ్డ చెయ్యి, ఇది బాగా తాగిన చెయ్యి, ఇది నాది. పెద్ద వైన్ కంపెనీ గేటు ముందు ఉద్యోగులు పర్యాటకులకోసం బల్లలు సర్దుతున్నారు. ఆ గోడ వెనక తోటలో ఆమె పద్దెనిమిది చలికాలాలు పనిచేసింది. ఆ బల్ల దగ్గర మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు.

నది పక్కనే సాగుతూ లోయలోకి వచ్చాక గాలి తగిలింది. పొయ్యి తలుపు తెరిచినట్టు వేడిగా ఉంది. దుమ్ము రోడ్డుకు అడ్డంగా ఎగిరి బండిని పక్కకు నెట్టింది. ఒతీలియా స్టీరింగు గట్టిగా పట్టుకుని, "ఇవాళేనా" అంది పైకే.

కొండ ఎక్కేముందు వచ్చే ఉస్పయాతాలో రోడ్డుకు అడ్డంగా గేటు వేసి ఉంది. అక్కడి కుర్ర జవాను కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మూసేశారమ్మా. పైన మీటరు మంచు. వెనక్కెళ్ళిపోండి."

"ఎప్పుడు మూశారు?"

"తెల్లారుజామున నాలుగింటికి."

"నిన్న?"

"నిన్న బ్రహ్మాండంగా ఉంది. పొట్టిచేతుల చొక్కాలేసుకుని దాటారు జనం."

ఆమె వెనక్కి తిరగలేదు. లారీల వరస చివర బండి పెట్టింది. ఆమె ముందున్నది ఉల్లిపాయల లారీ. దాని డ్రైవరు కాచో, బండంత మనిషి, దిగి వచ్చి పికప్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అక్కా, దీన్ని కొండ ఎక్కిద్దామనే?"

"ఎక్కింది ఇంతకుముందు."

"ఎప్పుడు, కొండ చిన్నప్పుడా?"

ఒతీలియాకు నవ్వు రాలేదు. అతను ఆమె ముఖం చూసి, ఇంకేం అనకుండా వెళ్ళి వేడినీళ్ళు తెచ్చాడు. సంగతి ఆ మాతె తాగుతుండగా చెప్పింది. నిన్న ఎందుకు బయల్దేరలేదో తప్ప అన్నీ చెప్పింది.

ఆ రోజు దారి తెరవలేదు. శనివారం కూడా తెరవలేదు. కింద గాలి పోప్లార్ చెట్లను నేలకు వంచుతోంది. పైన ఏమీ కనబడటం లేదు, తెల్లగా ఉంది. శనివారం మధ్యాహ్నం మూడింటికి హిమేనా ఫోన్ చేసింది.

"పిన్నీ, ఇంక మాట్లాడటం లేదు. వింటోందనుకుంటా. ఫోన్ చెవి దగ్గర పెడుతున్నా. ఏమన్నా చెప్పు."

అప్పుడామె ఉన్న, గేటు పక్క పెట్రోలు బంకులో ఇరవైమంది డ్రైవర్లు ఉన్నారు. ఒతీలియా గోడవైపు తిరిగింది. చెవిలో ఊపిరి వినబడుతోంది, గరగరమంటూ, చాలా ఎడం ఎడంగా.

"అక్కా" అంది. క్షమించమని అడగాలనుకుంది, కానీ ఎందుకు క్షమించాలో చెప్పాల్సి వస్తుంది. "అక్కా, దారిలో ఉన్నా. ఇక్కడ గాలి బాగా ఉంది. వచ్చేస్తా. కొంచెం ఆగు." అలాగే మళ్ళీ మళ్ళీ అంది, ఆగు, ఆగు అని, చిన్నపిల్లను అన్నట్టు. కాచో లేచి బంకులోని టీవీ కట్టేశాడు.

సాయంత్రం ఆరింటికి ఎర్సీలియా పోయింది.

ఆదివారం ఉదయం దారి తెరిచారు. కాచో వచ్చి కిటికీ మీద తట్టాడు. "అక్కా, ఇంకెందుకు ఇంత దూరం? ఇంటికి పో. రోడ్డు గాజులా ఉంది."

"పోవాలి."

"అయితే నా వెనకే రా. నా చక్రాల గాడిలో పెట్టు. నేను ఆగితే నువ్వు ఆగు."

రెండువైపులా మంచు గోడల మధ్య ఉల్లిపాయల లారీ వెనక ఆమె కొండ ఎక్కింది. ఎప్పుడో ఆగిపోయిన రైలు పట్టాలు, వాటిమీది కూలిన రేకుల కప్పులు మంచులో మునుగుతూ తేలుతూ పక్కనే వచ్చాయి. సొరంగం దాటాక చిలీ తనిఖీ షెడ్డు. అక్కడ లారీలది వేరే వరస. కాచో చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

తనిఖీ చేసే అమ్మాయి బండంతా వెతికి, చివరికి ఒతీలియా కాళ్ళవైపు చూసింది.

"ఆ బూట్లకి మట్టేంటమ్మా?"

"తోట మట్టి."

"పచ్చిగానే ఉందే. ఎప్పటిది?"

"గురువారంది."

"లోపలికి రానివ్వకూడదు. తెగుళ్ళొస్తాయి. కడిగేసుకోండి."

గొట్టం ఇచ్చి, మందు నీళ్ళ తొట్టి చూపించింది. బూట్ల అడుగున గాళ్ళలో బంకమట్టి గట్టిగా పట్టుకుని ఉంది. ఒతీలియా ఒంగి, వంగిన బొటనవేలితో దాన్ని కొంచెం కొంచెం గీకింది. చలికి వేలు తిమ్మిరెక్కింది. పూర్తిగా పోయేదాకా గీకింది.

లాస్ ఆందెస్‌లో అక్క ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. ముందుగదిలో శవపేటిక, చుట్టూ కుర్చీల్లో ఇరుగుపొరుగు. హిమేనా వచ్చి కౌగిలించుకుంది.

"మా పిన్ని" అని అందరికీ చెప్పింది. "పాపం, కొండ మూసేశారు. రెండు రోజులు అవతలే పడిగాపులు కాసింది."

"కొండకి ఎవరి బాధ తెలుసమ్మా" అంది ఒక ముసలావిడ. మిగిలినవాళ్ళు తలలూపారు. ఎవరో టీ ఇచ్చారు. ఒతీలియా కప్పు పట్టుకుని కూర్చుంది. ఆ మాటను అలాగే ఉండనిస్తే సరిపోయేది. అక్క ముఖం చిన్నదైపోయి, దవడ కింద గుడ్డ కట్టి ఉంది.

నికానోర్ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. గొంతు తగ్గించి అడిగాడు.

"గురువారం రోజంతా తలుపు వైపే చూసింది. ప్రతి బండి చప్పుడికీ. గురువారం కూడా మూసి ఉందా?"

"లేదు బావా. తెరిచే ఉంది."

"మరి?"

"నీళ్ళ వంతు. మొదటి నీళ్ళు."

ఎర్సీలియాతో యాభై ఏళ్ళు కాపురం చేసినవాడికి నీళ్ళ వంతంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

"తోట తడిసిందా?"

"తడిసింది."

"సరే." లేచి నిలబడ్డాడు. "రేపు పదింటికి తీసుకెళ్తాం. నువ్వు పేటిక వెనక మాతో నడవకు. ఎక్కడన్నా నడువు, మాతో వద్దు."

మర్నాడు ఒతీలియా వరస చివర నడిచింది. శుభ్రంగా కడిగిన బూట్లు రోడ్డుమీద చప్పుడు చేస్తున్నాయి. పక్కన నడుస్తున్న పొరుగింటావిడ రెండుసార్లు ఆమెను ఎగాదిగా చూసి అడిగింది.

"మిమ్మల్నెప్పుడూ చూళ్ళేదు. ఆవిడకి మీరేమవుతారు?"

"చెల్లెల్ని."

"అయ్యో, మరి ఇక్కడున్నారేం? ముందుకెళ్ళండి. రండి, దారిప్పిస్తాను."

"వద్దమ్మా" అంది ఒతీలియా. "నేనిక్కడే నడుస్తా."