తాగకుండా పెట్టిన ఖహ్వా

మామ పోయారన్న కబురు, తెల్లవారుజామున ఫజర్ నమాజు చదివి జానమాజ్ చాప మడుస్తుండగా వచ్చింది. ఇన్నాలిల్లాహి అనుకుని మళ్లీ అక్కడే కూర్చుండిపోయాను.

ఆయన మా ఆయనకు మేనమామ. అభాలోని తెలుగువాళ్లందరికీ సేటు. బజారులో తన కఫీల్, అంటే తనకు పూచీ ఉన్న సౌదీ యజమాని, పేరున ఉన్న రగ్గుల దుకాణాన్ని జీవితమంతా నడిపారు. అభా కొండల మీది ఊరు. సౌదీ అంటే ఎండే అనుకుని పల్చటి చొక్కాతో దిగినవాళ్లు ఆయన దుకాణం ముందు వణుకుతూ నిలబడేవాళ్లు. మామ ముందు ఊరు అడిగేవారు, అమ్మ బాగుందా అనేవారు, తర్వాత రగ్గు చేతిలో పెట్టేవారు. ఎవరైనా చనిపోతే శవాన్ని ఇంటికి పంపే కాగితాల కోసం తిరిగేదీ, పనివాళ్ల క్యాంపులో కొట్లాడుకున్నవాళ్లను ఒకే పళ్లెం ముందు కూర్చోబెట్టేదీ ఆయనే.

కంపెనీల్లో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖాత్ చట్టం వచ్చినప్పుడు మా ఆయన పనిచేసే కంపెనీ ఎరుపులో పడింది. సౌదీలు చాలినంతమంది లేని కంపెనీకి ఆ రంగు. అందులోవాళ్లకు ఇకామా, అంటే దేశంలో ఉండే అనుమతి, రెన్యూ కాదు. గడువులోగా వేరే కఫీల్ దొరక్కపోతే ఇంటిదారే. మా ఆయనతో పనిచేసే కరీంనగర్ వైపువాళ్లంతా దుకాణానికి వచ్చారు.

"సేటూ, ఏం ముఖం పెట్టుకొని ఇంటికి పోవాలె? ఇగ నువ్వే దిక్కు" అన్నాడు వాళ్ల మేస్త్రీ.

"నేనూ నీ మాదిరే ఇకామా మీద బతికేటోణ్ణే కదరా. పోయి స్నానం చేసి మంచి గుడ్డలేసుకోండి. పోదాం" అన్నారు మామ.

పచ్చరంగు కంపెనీ ఉన్న సౌదీ కాంట్రాక్టరు ఒకాయన మామకు పాత స్నేహితుడు. సాయంత్రపు అస్ర్ నమాజు తర్వాత ఆయన ఇంటికి వెళ్లాం. పనివాళ్లు గేటు బయట, మామ మగవాళ్లు కూర్చునే మజ్లిస్‌లో, నేను లోపల ఆయన తల్లి దగ్గర. మధ్యలో పరదా. అరబీ నాకు అప్పటికే అర్థమయ్యేది.

అక్కడ ఖహ్వాకు, అంటే చక్కెర లేని అరబ్బు కాఫీకి, ఒక మర్యాద ఉంది. పనిమీద వచ్చిన అతిథి ఖహ్వా కప్పు అందుకుని తాగకుండా కింద పెడితే, అడిగింది ఇచ్చేదాకా తాగనని అర్థం. తాగకుండా లేచిపోతే ఆ ఇంటికి తలవంపు.

మామ కప్పు కింద పెట్టడం పరదా సందులోంచి కనిపించింది.

"నీ మేనల్లుణ్ణి తీసుకుంటాను, తాగు."

"వాడొక్కడే కాదు. గేటు బయట ఉన్నవాళ్లంతా."

"అంతమందా! ఖహ్వాకు వచ్చావా, ఇల్లు దోచుకోవడానికి వచ్చావా?"

"చల్లారిపోతోంది" అన్నారు మామ.

దొరికిన ఒక్కటీ చేజారుతుందేమో! తస్బీహ్ పూసలు తిప్పుతూ అల్లాహ్‌ను వేడుకున్నాను. నా ముఖం చూసిన ముసలమ్మ పరదా దగ్గరికి వెళ్లి కేకేసింది:

"ఒరేయ్, మీ నాన్న ఉండగా ఈ ఇంట్లో ఖహ్వా చల్లారిందా?"

పరదా అవతలి నుంచి కాంట్రాక్టరు నవ్వు వినిపించింది.

"తాగు. నువ్వడిగింది నీకు దక్కింది. అందరూ."

చల్లారిన ఖహ్వాను మామ పారబోయనివ్వలేదు. అదే తాగారు. ఇక చాలు అనడానికి అక్కడ ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపుతారు. మామ ఊపలేదు. మళ్లీ పోయించుకున్నారు.

గేటు బయట మేస్త్రీ ఎదురొచ్చాడు. "ఏమన్నడు సేటూ?"

"రేపు పాస్‌పోర్టులు తెమ్మన్నాడు. నోరంతా చేదెక్కిపోయింది, ఎవడన్నా చక్కెరేసి టీ ఇప్పీయండిరా!"

వాళ్లు ఆయన్ను ఎత్తుకుని వీధి చివరిదాకా మోశారు. దించండిరా, లుంగీ కాదిది, కొత్త ప్యాంటు అని ఆయన అరుస్తూనే ఉన్నారు.

కారులో అడిగాను: "మామా, ఆయన ఒప్పుకోకపోయుంటే?"

"నీ మొగుడూ పోయేవాడే. నాకోసమైతే నాకు నోరు రాదమ్మా. ఇంతమంది కోసమైతే సిగ్గెందుకు?"

ఆ తర్వాత వెంట ఉండే కుటుంబాల మీద ప్రభుత్వ ఫీజు వచ్చింది, తెలుగు ఇళ్లు చాలా ఖాళీ అయ్యాయి. ఆ మేస్త్రీ మాత్రం ఇంకా ఇక్కడే ఉన్నాడు. మామ జనాజా వెళ్తుంటే, తలకు రుమాలు కట్టుకుని తన మనుషులందరితో శ్మశానం గోడ పక్కన నిలబడ్డాడట.

పోయే ముందురోజు ఆసుపత్రికి ఫ్లాస్కులో ఖహ్వా తీసుకెళ్లాను. తల ఎత్తి పట్టుకుంటే చిన్న కప్పు మొత్తం తాగారు. ఇంకొంచెం పొయ్యనా మామా అన్నాను. ఆయన నా వైపు చూసి నవ్వి, ఖాళీ కప్పును మెల్లగా అటూ ఇటూ ఊపారు.