ఖాసింబీ మందు తాగలేదు

మధ్యాహ్నం ఫంక్షన్ హాల్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ గిన్నెలు తోమే నా భార్య ఖాసింబీ వాంతులు చేసుకుంటోందన్నారు. నేను వెళ్లేసరికి ఒళ్లంతా చెమట, నోటివెంట చొంగ. పిలిస్తే పలకలేదు.

నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరు గారు ఆమె కళ్లలోకి లైటు వేసి చూశారు.

"కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. ఏం పురుగుమందు తాగింది?"

నాకు వెంటనే ఏప్రన్ గుర్తొచ్చింది. నేను దర్జీని. కుట్టుపని తగ్గిపోయి, మా ఊరి దగ్గర ఎప్పుడో మూతపడ్డ పురుగుమందుల ఫ్యాక్టరీలో విషపు మట్టి తవ్వి తీసే పనికి కుదిరాను. అక్కడ ఒక్కసారి తొడిగి పారేసే తెల్ల సూట్లు ఇస్తారు. అవి గేటు దాటితే పని పోతుందని సూపర్‌వైజర్ మొదటిరోజే చెప్పాడు. నీళ్లు ఇంకని గుడ్డ చూస్తే దర్జీ చెయ్యి ఊరుకుంటుందా? వాడేసిన సూట్లు రెండు లుంగీలో చుట్టి తెచ్చాను. సబ్బుతో ఉతికి, చీర తడవకుండా ఖాసింబీకి ఏప్రన్ కుట్టాను. ఆమె అద్దంలో చూసుకుని మురిసిపోయింది. ఆ పొద్దున అదే కట్టుకుని హాల్‌కి వెళ్లింది.

"నాకు తెలీదు సార్" అన్నాను.

పురుగుమందు ఒంట్లోకి ఎక్కితే పడిపోతుందట, ఆ కోలినెస్టరేస్ టెస్ట్‌లో బాగా తక్కువ వచ్చింది. కడుపు కడిగారు. విరుగుడుగా ఆట్రోపిన్ ఇంజెక్షన్లు, తర్వాత వెంటిలేటర్.

ఆమె అన్న నా చొక్కా పట్టుకున్నాడు. "మా చెల్లెల్ని ఏమన్నావు బావా, మందు తాగేదాకా వచ్చింది?"

తలొంచుకున్నాను. నా పని నిలుపుకోవడానికి నా భార్య మీద ఆ మాట పడనిచ్చాను. రాస్తుంటే ఇప్పుడూ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మూడో రోజు గొంతులో ట్యూబ్ తీశారు. "నేనేం తాగలా, అల్లా సాక్షి" అంది. ఎవరూ నమ్మలేదు. నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పయ్యా."

అప్పుడు చెప్పాను.

డాక్టరు గారు అరవలేదు. "మొదటే చెప్పుంటే ఒళ్లు కడిగేవాళ్లం కదయ్యా. చర్మంలోంచి ఇంకా ఎక్కుతానే ఉంది" అన్నారు. నర్సులు సబ్బుతో ఆమె జుట్టు, గోళ్ల సందులు సహా ఒళ్లంతా కడిగారు.

పది రోజులకు ఇంటికొచ్చింది. కొన్నాళ్లు కాళ్లు తిమ్మిర్లెక్కి గోడ పట్టుకుని నడిచింది. నన్ను పనిలోంచి తీసేశారు. న్యాయమే.

ఇప్పుడామె మళ్లీ హాల్‌కి వెళ్తోంది. ఆమె లోపలికి రాగానే ఎవరో ఒకరు ఫినాయిల్ సీసా తీసి దాచేస్తారట. నేను వెళ్లి జరిగింది చెప్పాను. పెళ్లాం పరువు కాపాడుకుంటున్నాడని అనుకున్నారు.

పని బట్టలు పనిచోటే వదిలి రండి. డాక్టరు అడిగితే ఎక్కడ పని చేస్తున్నారో, అక్కడినుంచి ఇంటికి ఏం తెచ్చారో మొదటి ప్రశ్నకే చెప్పండి. నేను మూడో రోజు చెప్పాను.