ఉరుకుంద జాతరలో డ్యూటీ

నేను ఎమ్మిగనూరులో ఒక ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. కాపురం ఆదోనిలో. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం తిరిగి రావడం ఏళ్ల తరబడి అలవాటైన పని. కొన్నేళ్ల కిందట మా హెడ్మాస్టరు గారు స్టాఫ్ మీటింగులో, బడిలో స్కౌటింగ్ మొదలుపెట్టాలి, ఆడపిల్లలకు గైడ్ టీచరుగా ఎవరుంటారు అని అడిగారు. అందరూ తలలు వంచుకున్నారు. నేను ఏదో ఆలోచిస్తూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. తల వంచుకోకపోవడమే ఒప్పుకోవడం అనుకుని ఆయన నా పేరు రాసేసుకున్నారు.

శిక్షణకు పోయి వచ్చి, మెడకు స్కార్ఫు కట్టుకుని, నేర్చుకున్నదంతా పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను. మూడువేళ్ల సెల్యూట్ వాళ్లకు తొందరగానే వచ్చింది. కష్టమైంది ఎడమచేతి కరచాలనం. స్కౌటింగులో ఒకరినొకరు పలకరించుకునేది ఎడమచేత్తోనే. ఒకరోజు మా పిల్లల్లో ఒకదాని నాయనమ్మ కొంగు బిగించుకుని స్టాఫ్‌రూముకు వచ్చింది. ఆమె ఇంటికి కొత్త అల్లుడు వస్తే మనవరాలు ఎదురుపోయి ఎడమచెయ్యి చాపిందట. బువ్వ తినే చెయ్యి ఉండగా ఈ చెయ్యి ఏమిటికి అని నన్ను నిలదీసింది. ఎడమవైపు గుండె ఉంటుంది గదమ్మా, గుండెకు దగ్గరి చెయ్యి ఇస్తే మనసిచ్చినట్టు అని చెప్పాను.

“గుండెకాడి సెయ్యైతే సరేలేమ్మా. అల్లునికి మాత్రం వద్దని సెప్పు,” అని పోయింది.

రోజుకో మంచిపని చెయ్యాలన్నది ఇంకో నియమం. సోమవారం సాయంత్రం గుండ్రంగా కూర్చుని ఎవరేం చేశారో చెప్పుకునేవాళ్లం. ఒకమ్మాయి ప్రతి వారం పక్కింటి అవ్వకు కంట్లో మందు వేశానని చెప్పేది. నెల దాటాక ఆ అవ్వే బజారులో నన్ను ఆపి, కన్ను ఎప్పుడో బాగైందని, ఈ పిల్ల మాత్రం వదలడం లేదని మొరపెట్టుకుంది. మా పీఈటీ మేడం ఆ మాట విని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెదీ ఆదోనే, ముస్లింల ఇంటి ఆడపడుచు. ఇద్దరం రోజూ ఒకే బస్సులో వస్తాం. ఈ గుంపును నడపడంలో నాకు కుడిభుజం ఆమే.

ఆ ఏడు కొత్తగా చేరినవాళ్లలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. కౌతాళం అవతల చిన్న ఊరు వాళ్లది. అమ్మానాన్నలు ఇంటికాడ పనులైపోగానే సుగ్గికి, అంటే మిరపకాయలు కోసే కూలికి, గుంటూరు వైపు పోయేవాళ్లు. పోతే నెలల తరబడి రారు. చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర, వాళ్ల మాటలో జేజి దగ్గర, పెరిగింది. జేజి పోయాక ఎమ్మిగనూరులో హాస్టల్లో చేర్చారు. ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. తరగతిలో నోరు తెరిస్తే తోటిపిల్లలు నవ్వేవాళ్లు. అందుకని ఏది అడిగినా “ఊ” అనో, లేదనడానికి “ల్యా” అనో ఒక్క ముక్కలో తేల్చేసేది. గుడ్ మార్నింగ్ చెప్పేది కాదు, థాంక్స్ చెప్పేది కాదు. చేరిన రోజు మాత్రం ఒక ప్రశ్న అడిగింది.

“ఈ స్కార్ఫు మాకే ఇస్తారా, మళ్లా తీసుకుంటారా?”

మీకే అని చెప్పాక ఉతికి, ఆరబెట్టి, మడత నలగకుండా తెచ్చేది. మిగతా ఏ పనిలోనూ ఆ నిలకడ కనిపించేది కాదు. ముడి వెయ్యడం రెండుసార్లు తప్పితే తాడు కింద పడేసి పోయి గోడకానుకుని నిలబడేది. ఆదోని కొండమీదికి నడిపించుకుపోతే సగం మెట్ల దగ్గర కూర్చుని, మీరు పోయి రాండి అంది. పట్టుదల గురించి నాకు తెలిసినంత చెప్పాను. వింది. విని అక్కడే కూర్చుంది. ఈ పిల్ల మధ్యలో మానేస్తుందని పీఈటీ మేడం, నేను బస్సులో అనుకున్నాం.

శ్రావణమాసంలో కౌతాళం దగ్గరి ఉరుకుందలో ఈరన్నస్వామి జాతర జరుగుతుంది. కర్ణాటక నుంచి కూడా జనం బస్సుల్లో, ట్రాక్టర్లలో, టెంపోల్లో కదిలివస్తారు. బయటే పొయ్యిలు పెట్టి, పోళెలు, అంటే బొబ్బట్లు, చేసి నైవేద్యం పెడతారు. ఆ ఏడు మా పిల్లలకు అక్కడ సేవ చేసే అవకాశం వచ్చింది. కొందరిని మంచినీళ్ల దగ్గర, కొందరిని క్యూల దగ్గర, కొందరిని చెప్పులు విడిచే చోట పెట్టాం. ఆ పిల్లకు చెప్పుల దగ్గర పడింది. నీళ్లకాడ వేయమని అడుగుతుందేమో అనుకున్నాను. నేరుగా పోయి చెప్పుల పక్కన నిలబడింది.

మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే రాలేదు. పోయి చూశాను. కొబ్బరికాయల అంగడి పక్కన, గోడ వారన, ఒక ముసలామె ఒళ్లో మూట పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కనే మా పిల్ల గొంతుక్కూర్చుని కన్నడంలో ఏదో చెబుతోంది. అంత పొడుగు మాట దాని నోట నేనెప్పుడూ వినలేదు. సంగతేమిటంటే, ఆ అవ్వది కర్ణాటకలో సిరుగుప్ప వైపు ఊరు. పొద్దున దర్శనమయ్యాక కొడుకు ఆమెను అక్కడ కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని పోయాడు. ఇంతవరకు రాలేదు. పోలీసులు పెట్టిన సహాయ కేంద్రానికి పోదాం, మైకులో చెప్పిద్దాం అంటే అవ్వ కదలదు.

“నన్ మగ ఇల్లే కుంద్రు అందాన,” అంది నాతో కూడా. నా కొడుకు ఇక్కడే కూర్చోమన్నాడు అని. కొడుకు వచ్చేసరికి తాను అక్కడ లేకపోతే వాడు ఎంత కంగారు పడతాడో అన్నదే ఆమె దిగులు.

ఫోను నంబరు తెలియదు. కొడుకు పేరు అడిగితే ఆ స్వామి పేరే చెప్పింది. నేను సహాయ కేంద్రానికి పోయి ఆ పేరు మైకులో పిలిపించాను. కాసేపటికి పదిమంది దాకా మగవాళ్లు పరుగున వచ్చారు. అందరిదీ అదే పేరు. వాళ్లలో ఒక్కరూ అవ్వ కొడుకు కాదు. అక్కడి కానిస్టేబుల్ నెత్తి కొట్టుకుని, ఈ జాతరలో ఆ పేరు పిలిస్తే స్వామి తప్ప అందరూ పలుకుతారమ్మా అన్నాడు. అవ్వ ఫోటో తీసుకుని వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు.

నేను తిరిగి వచ్చేసరికి అవ్వ మొహం ముడుచుకుని ఉంది. బాత్రూముకు పోవాలట, పొద్దున్నుంచి ఆపుకుని కూర్చుందట. చోటు వదిలిపోతే కొడుకు వస్తాడేమోనని భయం. మా పిల్లే దారి చూపింది. అవ్వ ఒళ్లోని మూట తన ఒళ్లో పెట్టుకుని, సరిగ్గా అవ్వ కూర్చున్న చోటే కూర్చుంది. కన్నడంలో ఆమెతో నాలుగు మాటలు చెప్పి నావైపు తిరిగింది.

“నేను ఈడ కూకుంటా, మీరు అవ్వను పిలుచుకొని పోయిరాండి మేడం. మూట ఈడ ఉంటే వాళ్లు గుర్తుపడతారు.”

అవ్వ నా చెయ్యి పట్టుకుని లేచింది. పోయేటప్పుడు వెనక్కి తిరిగి తిరిగి చూసింది. చూసినప్పుడల్లా ఆ పిల్ల చెయ్యెత్తి చూపింది.

సాయంత్రం మా బస్సు బయలుదేరే వేళైంది. పిల్లలందరూ ఎక్కారు. నేను పోయి, డ్యూటీ అయిపోయింది, అవ్వను పోలీసులు చూసుకుంటారు, పోదాం పద అన్నాను. హాస్టల్ వార్డెన్ చీకటి పడకముందే రావాలని మరీమరీ చెప్పిందన్నాను. పిల్ల లేవలేదు.

“నా డ్యూటీ యాడ అయిపోయింది మేడం? అవ్వ ఈడనే ఉంది గదా.”

నాకు కోపం వచ్చింది. మాట వినడం కూడా స్కౌటింగులో భాగమేనని గట్టిగానే చెప్పాను. అది తల వంచుకుని విన్నది. తర్వాత చాలా మెల్లగా అంది.

“చిన్నప్పుడు మా అమ్మోళ్లు సుగ్గికి పోతాంటే నన్ను జేజి కాడ కూకోబెట్టి, ఈడనే ఉండు వస్తాం అని పోయేవాళ్లు. జేజి నా పక్కన కూకునేది. ఒక్కదాన్నే ఉంటే ఏడుపొస్తాది మేడం. పక్కన మనిషుంటే రాదు.”

ఆ మాట విన్నాక నా కోపం ఏమైందో నాకే తెలియదు. పీఈటీ మేడంను పిల్లలతో పొమ్మన్నాను. ఆమె నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా తన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా నా చేతిలో పెట్టి బస్సెక్కింది. వార్డెన్‌కు ఫోన్ చేశాను. తిట్టినన్నీ తిట్టి, చివరికి పిల్లను మీరే నా చేతికి అప్పజెప్పాలి అంది.

కాసేపటికి తుంపర మొదలైంది. అవ్వను పక్కనున్న రేకుల కిందికి రమ్మంటే రాదు. అంగడాయనను అడిగి మా పిల్ల ఒక యూరియా సంచి తెచ్చింది. దాని మూల మడిచి, పొలాల్లో వేసుకున్నట్టే అవ్వ తలమీద కప్పింది. తన స్కార్ఫు విప్పి జేబులో దాచుకుంది. డబ్బాలోని చపాతీలు ముందు అవ్వకు పెట్టి, ఆమె తినడం మొదలుపెట్టాకే తాను ఒకటి తీసుకుంది. ఎవరూ చెప్పలేదు దానికి. అవ్వ తింటూ తన ఊరి సంగతులు, వరిచేను సంగతులు చెబుతుంటే నవ్వుతూ ఊ కొట్టింది. నాకు సగమే అర్థమైంది. ఒకసారి మాత్రం నేనే ఉండబట్టలేక, వాళ్లు వస్తారంటావా అని తెలుగులో అడిగాను.

“సెప్పి పోయినోళ్లు వస్తారు మేడం. లేటైతాది గాని, వస్తారు.”

పొద్దు గుంకుతుండగా జనం మధ్యనుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. తడిసిపోయి ఉన్నాడు. రెండు టెంపోల్లో వచ్చారట వాళ్లు. అవ్వను కూర్చోబెట్టి ఆయన బండి తేవడానికి పోతే, అది ఇటు రాకుండా పోలీసులు వేరే దారికి తిప్పేశారు. అవ్వను తీసుకురమ్మని తమ్ముడికి కేకేసి చెప్పాడు. తమ్ముడికి ఆ మాట వినబడలేదు. తమ్ముడి బండిలో అవ్వ ఉందని ఈయన అనుకున్నాడు, అన్న బండిలో ఉందని తమ్ముడు అనుకున్నాడు. సిరుగుప్ప దాటి ఊరు చేరి రెండు బండ్లూ దిగాక గాని అవ్వ లేదని తెలియలేదు.

ఆయన వచ్చి అవ్వ కాళ్ల దగ్గర కూలబడిపోయాడు. అవ్వ కొడుకును ఒక్కమాట అనలేదు. సంచి తీసి ఆయన తల మీద కప్పి, తిన్నావా అని అడిగింది. అప్పుడు ఏడ్చాడా మనిషి. నేను అటు తిరిగి నిలబడ్డాను. మా పిల్ల మాత్రం అవ్వ వంకే చూస్తూ, బాగా అలసిపోయినట్టు గోడకు చేరగిలబడింది.

పోయేముందు అవ్వ మూట విప్పి, ఆకులో చుట్టిన పోళెలు దాని చేతిలో పెట్టబోయింది. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. చేసిన మేలుకు ఏమీ పుచ్చుకోకూడదని బడిలో నేనే చెప్పాను. ఏం చెయ్యమంటారని కళ్లతోనే అడిగింది.

“తీసుకోమ్మా,” అన్నాను. “పెద్దోళ్లు ప్రేమగా పెడితే కాదనగూడదు. అదీ మర్యాదే.”

రెండు చేతులూ చాపి తీసుకుంది. వంగి అవ్వ కాళ్లకు మొక్కింది. అవ్వ దాని బుగ్గలు నిమిరి, మెటికలు విరిచి, కన్నడంలో చాలాసేపు దీవించింది. ఆయన మమ్మల్ని ఎమ్మిగనూరులో దింపుతానన్నాడు. మీ అమ్మను ముందు ఇంటికి చేర్చండి, మాకు బస్సులున్నాయని చెప్పి పంపాను.

బస్సులో సీట్లు లేవు. ఇద్దరం నిలబడే వచ్చాం. కోడుమూరు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్ చూసుకుంటున్న ఆ వార్డెన్ గేటు దగ్గరే కాచుకుని ఉంది. తిట్టడానికి నోరు తెరిచింది గాని, పిల్ల ముందుగా పోళెలు ఆమె చేతికిచ్చి, “లేటైంది మేడం, తప్పైంది,” అంది. ఆ మాట దాని నోట వినడం మా ఇద్దరికీ అదే మొదటిసారి. వార్డెన్ గేటు తీసి, కాళ్లు కడుక్కుని పోయి తిను, అన్నం మూతపెట్టి ఉంచాను అంది.

ఆ తర్వాత పిల్ల ఒక్కసారిగా మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ముడులు ఇంకా తప్పేవి. తాడు పడేసేది. కాకపోతే కాసేపటికి తిరిగి వచ్చి తీసుకునేది. గైడ్ల పరీక్ష మొదటిసారి తప్పింది. రెండోసారి రాస్తానని తనే వచ్చి పేరిచ్చింది. తోటిపిల్లలు దాని కన్నడాన్ని చూసి నవ్వడం మానేశారు. కొందరు దాని దగ్గర మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. బడి వరండాలో “ఊట ఆయ్తా?”, అంటే అన్నం తిన్నావా, అని ఒకరినొకరు పలకరించుకుంటుంటే పీఈటీ మేడం కూడా అదే అంటించుకుంది.

ఉగాది తర్వాత ఒకరోజు దాని నాన్న బడికి వచ్చాడు. సుగ్గి నుంచి అప్పుడే తిరిగొచ్చినట్టున్నాడు, ఎండకు మాడిపోయి ఉన్నాడు. తరగతి గుమ్మం బయటే నిలబడ్డాడు. జాతరలో కలిసిన అవ్వ కొడుకు, ఆమె చెప్పిన గుర్తులతో వాళ్ల ఊరు వెతుక్కుంటూ వచ్చి, మీ పాప మా అమ్మను చూసుకుందని అందరికీ చెప్పిపోయాడట. ఈయనకు ఇరుగుపొరుగు చెబితే తెలిసింది. పాప తమకేమీ చెప్పలేదన్నాడు.

“వచ్చే యాడాది దీన్నీ సుగ్గికి తోలుకపోదామనుకుంటిమి మేడం. సేతులు పెరిగితే కూలి పెరుగుతాది గదా. ఇంగ వద్దులే. ఈడనే ఉండనీ.”

పాపను పిలిచాను. వచ్చి వాళ్ల నాన్న పక్కన నిలబడింది. ఆయన దాని మెడలో స్కార్ఫు వంకరగా ఉంటే సరిచేశాడు. తర్వాత, పోయొస్తానమ్మా అని నాకు చెప్పి, గేటు దాకా కూతురి భుజం మీద చెయ్యేసుకుని నడిచాడు.

ఇప్పుడది ఆదోనిలో ఇంటర్ చదువుతోంది. సెలవు రోజుల్లో ఎమ్మిగనూరు వచ్చి చిన్నపిల్లలకు ముడులు నేర్పుతుంది. ముడి రానివాళ్లను కోప్పడదు. పక్కన కూర్చుంటుంది.