మిక్సీ చప్పుడుకు అవతల

పోయిన ఆదివారం ఫోన్లో నా గొంతు విని మీ అమ్మ కంగారు పడింది. జలుబా, జ్వరమా, డాక్టరు దగ్గరికి వెళ్లావా అని ఒకటే ప్రశ్నలు. జవాబు చెప్పబోతే బొంగురు తప్ప మాట రాలేదు. ఆ గోలలోనే, పెద్దోడా, నువ్వు ఫోన్ లాక్కుని "అమ్మమ్మా, టైమ్ ట్రావెల్ ఎప్పటికైనా సాధ్యమవుతుందంటావా?" అని అడిగావు. వెనక నుంచి మీ చెల్లి "అమ్మమ్మకేం తెలుసురా" అంది. నువ్వే మళ్లీ జవాబు కూడా చెప్పేశావు. ముందుకైతే వెళ్లొచ్చట, చాలా వేగంగా పోయే రాకెట్లో కూర్చుంటే చాలట. వెనక్కి మాత్రం ఎవరివల్లా కాదట. పుణెలో మీ స్కూలు సార్ చెప్పాడట.

ఇప్పుడు గొంతు కాస్త తెరుచుకుంది. మీ అమ్మ అడిగినదానికీ నువ్వు అడిగినదానికీ కలిపి చెబుతాను. రెండూ ఒకటే సంగతి.

నాచారంలో మా వీధి చివరింటి ఆవిడ మీకు గుర్తుందా? సెలవులకొస్తే మీకు సర్వపిండి చేసి పంపేది. నన్ను అక్కా అంటుంది. వాళ్లాయన ఇక్కడే ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మీ అమ్మ పెళ్లికి ముందు మాట ఇది. ఒకరోజు మధ్యాహ్నం సెకండ్ షిఫ్టుకని బయల్దేరాడు. ఆవిడ వంటింట్లో ధనియాలు మిక్సీ పడుతోంది. ఆయన గేటు దగ్గర నుంచి ఏదో అన్నాడు. మాట తెలియలేదు కానీ గొంతు తెలిసింది. "ఆఁ" అంది. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. పని మధ్యలో గుండె పట్టుకుని కూలిపోయాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

అక్కడితో అయితే అందరి కష్టంలాంటిదే. మూడో రోజున, ఇంటినిండా చుట్టాలుండగా, ఆడబిడ్డ ఆవిడ ఎదుట కూర్చుని అందట: "ఒంట్ల మంచిగ లేదు, పోవాల్నా వద్దా అని అడిగిండేమో. నువ్వేమో ఆఁ అంటివి. పొమ్మంటివి."

ఎవరూ ఆ ఆడబిడ్డ నోరు మూయించలేదు. ఆ మాట ఈవిడ లోపలికి వెళ్లి కూర్చుంది. కొడుకు పెద్దయ్యాడు, కోడలొచ్చింది, ఇంటికి కొత్త రంగులు పడ్డాయి. ఆ మాట కదల్లేదు. నాకు కూడా ఇన్నేళ్లలో చెప్పలేదు. మొన్న మేమిద్దరం ఉప్పల్లో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, మెట్రో స్టేషన్ దాటాక ఒక మేడ మీద బోర్డు కనిపించింది. గతంలోకి ప్రయాణం, మీరు మరిచిపోయిన క్షణాలను మళ్లీ చూడండి అని. ఆవిడ సంచీ కింద పెట్టి ఆ బోర్డు వంకే చూస్తూ నిలబడింది. అక్కడే, అంత ట్రాఫిక్‌లో, నాకు ఇదంతా చెప్పింది. చెప్పి, "ఒక్కపారి పోదామక్కా. ఆయనేమన్నడో ఇని మల్ల వచ్చేస్త. నాకింకేం వద్దు" అంది.

వెళ్లాం. చెప్పుల దుకాణం పైన గది. ఏసీ, నల్ల కర్టెన్లు, పడుకోవడానికి ఒక వాలు కుర్చీ. మెట్రో రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దం వణుకుతోంది. తెల్ల లాల్చీ ఆయన ఆవిణ్ణి పడుకోబెట్టి తీయగా మొదలుపెట్టాడు.

"కళ్లు మూసుకోండమ్మా. మెట్లు దిగుతున్నారు. కింద ఒక తలుపుంది. తెరిచారు. ఏం కనిపిస్తోంది?"

"మిక్సీ సార్."

"సరే. ఇంకా వెనక్కి వెళదాం. ఇంకో తలుపు. కోట గోడలు కనిపిస్తున్నాయా?"

"కోటేంది సార్? నాచారమే. గేటుకాడ మా ఆయన నిలబడ్డడు. ఏందో అంటున్నడు. జర గా మిక్సీ బందు చేయిండ్రి."

"దాన్ని వదిలేయండమ్మా. అసలు బాధ అక్కడ లేదు. పోయిన జన్మలో మీరొక రాణి. ఆ దుఃఖమే ఈ జన్మకొచ్చింది."

ఆవిడ లేచి కూర్చుంది. కొంగు సర్దుకుంది. "రాణి గీణి నాకొద్దు సార్. గంత దూరం తీస్కపోతనంటవు, నడుమల ఒక్క మధ్యాహ్నం కాడ ఆగుమంటె ఆగవు. నువ్వు ఎక్స్‌ప్రెస్ బస్సు లెక్కున్నవు."

ఆయన నవ్వలేదు. "ఇది సైన్స్ అమ్మా. దీనికి ముందు నమ్మకం కావాలి" అన్నాడు.

నాకు కోపం రావడం మీరెప్పుడూ చూడలేదు. ఆ గదిలో వచ్చింది. మీ తాతయ్య ఉద్యోగమంతా ఉప్పల్ రోడ్డులో రాళ్లను పరీక్షించే ఆఫీసులో గడిచింది. నమ్మకం కావాలి అన్నవాడి పక్కన ఆయన టీ కూడా తాగేవారు కాదు. రాయిని పల్చగా కోసి, అరగదీసి, మైక్రోస్కోపు కింద వెలుగులో పెట్టి చూస్తే అది ఎంత వేడిలో పుట్టిందో, ఎంత బరువు కింద నలిగిందో తెలుస్తుందని చెప్పేవారు. మనిషి జాతే లేని కాలం అది. పొద్దున టిఫిన్ తిని ఆ కాలానికి వెళ్లి, సాయంత్రం కాఫీ వేళకి ఇంటికొచ్చేవారు. వెనక్కి ఎవరూ వెళ్లలేరని మీ సార్‌కి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

తిరిగి షేర్ ఆటోలో వచ్చాం. ఇంటి ముందు దిగాక ఆవిడ, "మా పోరడన్నదే నిజమక్కా. అయిపోయిన ముచ్చట తవ్వుడెందుకమ్మా అంటడు" అంది.

అందరూ అంతే అంటారు. ముసలివాళ్లు గతంలోనే బతుకుతారని జాలిగా చూస్తారు. మేం అక్కడ బతకడం లేదు. పనిబడితే వెళ్లొస్తాం. ఈవిడకి పనిబడింది. ఆ పని చేసుకోనివ్వకుండా మర్చిపో మర్చిపో అంటే ఎలా?

"మీ పాత మిక్సీ ఉందా?" అన్నాను.

"సజ్జ మీద ఉంటది. ఎందుకు?"

"రేపు దింపు. కొత్తది వద్దు, దానికి చప్పుడు తక్కువ. ధనియాలు కూడా వేయించి ఉంచు."

ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "అక్కా, ఆ లాల్చీ సారు నీకు గూడ ఏమన్న చేసిండా?"

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. కొడుకూ కోడలూ ఆఫీసులకి పోయారు. ఇల్లు అదే, గేటు అదే. ముందు గది, వెనక గది, ఆ వెనక వంటిల్లు, రైలు పెట్టెల్లా వరసగా. పాత మిక్సీకి దుమ్ము తుడిచి ధనియాలు పోసింది. నేను గేటు అవతలికి వెళ్లి నిలబడ్డాను. మొదట ఆ ఆడబిడ్డ అన్న మాటనే పరీక్షిద్దాం అనుకున్నాం. మిక్సీ మొదలయ్యాక నేను నా మామూలు గొంతుతో అన్నాను: "ఒంట్లో బాగాలేదు, వెళ్లమంటావా?"

ఏమీ లేదు. మళ్లీ అన్నాను. కాసేపటికి మిక్సీ ఆగింది. ఆవిడ బయటికొచ్చి, "ఇంక అనవేందక్కా?" అంది.

"రెండుసార్లు అన్నాను."

"నువ్వన్నదే నాకు తెల్వలే. నీ గొంతు ఒళ్లె కూసున్న పిల్లికి గూడ ఇనరాదు. జర గట్టిగ ఒర్రు."

అది నిజం. మీ తాతయ్య నాది దూది గొంతు అనేవారు. బస్సులో నా స్టాపొచ్చిందని చెబితే కండక్టర్‌కి వినపడక, ఉప్పల్ డిపో దాకా పోయి వెనక్కి నడిచిన రోజులు చాలా ఉన్నాయి. పుట్టాక నేను ఎవరినీ కేకేసి పిలవలేదు. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదని మా ఇంట్లో నేర్పారు. నేర్చుకున్నాను, మెప్పు కూడా పొందాను.

ఈసారి గేటు ఊచలు రెండూ పట్టుకున్నాను. కొంచెం పెంచాను. లాభం లేదు. ఇంకొంచెం పెంచాను. లోపల మిక్సీ రాయి నలిగినట్టు మోగుతూనే ఉంది. అప్పుడు ముందుకు వంగి, కడుపులోంచి, ఒంట్లో బాగాలేదు వెళ్లమంటావా అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

లోపల మిక్సీ ఆగింది. ఈలోపల ఇంకోటి జరిగింది. రోడ్డు మీద పోతున్న ఆటో అతను ఆగి, "ఏమైందమ్మా, దవాఖానకు పోవాల్నా?" అన్నాడు. ఎదురింట్లోంచి అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చేశారు. పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ పిట్టగోడ పట్టుకుని వంగింది. ఎదురింటి కోడలు నాకు నీళ్లు తెచ్చింది. ఏమీ లేదమ్మా, ఊరికే అని వాళ్లని పంపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. చేతులనిండా ధనియాల పొడి.

"ఏం వినిపించింది?" అన్నాను, ఉన్న కాస్త గొంతుతో.

"మాట తెల్వలే. ఎవరో ఒర్లిన్రని తెల్సింది."

"ఆ రోజు కూడా అంతేగా తెలిసింది?"

"అంతే."

"అంటే ఆయన ఎంత గట్టిగా అరిచి ఉంటాడు?"

ఆవిడ ఎదురింటి తలుపు వైపు చూసింది. అప్పుడూ ఆ అత్తగారు ఆ ఇంట్లోనే ఉంది. పక్కింటివాళ్లూ వాళ్లే.

"ఆ మాట గంత గట్టిగంటే," అంది మెల్లగా, "గల్లీ ఊకుంటదా అక్కా? ఒక్కరన్న వచ్చేటోళ్లు. ఎవ్వరు రాలే." మళ్లీ తనే, "అయినా ఆయన అంటడా? తలనొప్పి గోలి గూడ తువ్వాల సాటుకు మింగేటోడు. నొప్పున్నోడు నా దగ్గరికొచ్చి మెల్లగ అంటడు గని, గేటుకాడ నిలబడి ఊరంత ఇనేటట్టు ఒర్రుతడా?"

"మరి ఊరంతా విన్నా పట్టించుకోని మాట ఏముంటుంది?"

ఆవిడ మొహం మారింది. కూర్చుంది, గుమ్మం మీదే. "మేక" అంది.

"మేకేంటి?"

"ఎదురింటోళ్లకు అప్పుడు మేక ఉండె. గేటు తెరిసుంటె జొచ్చి కరివేపాకు చెట్టు మేసేది. పోయేటప్పుడు రోజు ఒర్రేటోడు, గేటేస్కోవే, మేకొస్తది అని. రోజు అదే. ఇగ నేను ఆఁ అనేదాన్ని."

తర్వాత ఏడ్చింది. నవ్వు కూడా వచ్చింది మధ్యలో. "ఇన్నేండ్లు గా మేక నాకు యాదికి రాలే అక్కా. ఆమె మాటే యాదికొచ్చింది."

పెద్దోడా, ఇది రుజువు కాదంటావని నాకు తెలుసు. ఆయన మేక అన్నాడని ఎవరు చూశారు, ఎవరు రికార్డు చేశారు అంటావు. అడుగు. మీ తాతయ్య రాయి పుట్టడం కూడా ఎవరూ చూడలేదు. అక్కడ ఏది జరగలేదో ముందు తీసేస్తాం, మిగిలినదాన్ని పట్టుకుంటాం. ఆడబిడ్డ చెప్పింది జరగలేదు. అది మాత్రం మేం వెళ్లి చూసొచ్చాం, ఇద్దరు ముసలివాళ్లం, ఒక సజ్జ మీది మిక్సీతో. రాకెట్ వస్తే రానీ. అందులో ఎక్కేవాడు ఆ గేటు దగ్గర ఆగడం నేర్చుకుంటే అప్పుడు మాట్లాడదాం.

ఆ ఆడబిడ్డ ఇంకా ఉంది, మల్కాజిగిరిలో కొడుకు దగ్గర. మా చివరింటావిడ నిన్న పాత మిక్సీ తుడిచి సంచీలో పెట్టుకుంది. వచ్చే వారం వెళుతున్నాం. గేటు దగ్గర నేను నిలబడాలి, వంటింట్లో ఆడబిడ్డని నిలబెట్టాలి. తాను చెప్పిన మాట ఆ చప్పుడులో వినపడుతుందేమో ఆమే చెబుతుంది. పాత గొడవ ఎందుకు అని అక్కడ ఎవరైనా అంటారు. అననీ.

మీ అమ్మతో చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లాను. గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నాడు, వారం పది రోజులు అరవొద్దన్నాడు. తలూపి వచ్చాను. కానీ సాయంత్రాలు ఆవిడ ఇంట్లోంచి వచ్చేటప్పుడు గేటు అవతల ఆగి, గేటేసుకో అని ఒక్క కేక వేస్తున్నాను. ఆవిడ వంటింట్లోంచి ఆఁ అన్నాకే గడియ పెడుతున్నాను.