గెలుపు లేని ఆట చేసిన సామ్యూలు మాస్టారు

రాజాం కాలేజీలో పాఠం చెబుతుండగా ఫోన్ వచ్చింది. నాకు చిన్నప్పుడు లెక్కలు నేర్పిన సామ్యూలు మాస్టారు ప్రభువునందు నిద్రించారని వాళ్లమ్మాయి చెప్పింది. అంతకుముందు ఆదివారమే చర్చిలో పాస్టరుగారి గొంతు వినపడకుండా పాడిన మనిషి హఠాత్తుగా అస్తమించడమేమిటి? ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన్ని ఎరగనివారికి చెప్పాలి. పాతపట్నం దగ్గర మా ఊరికీ బడికీ మధ్య ఒక గెడ్డ పారుతుంది. వాన పడితే అది పొంగుతుంది, బడి మూతపడుతుంది. వంతెన కోసం మాస్టారు ఉద్యోగ జీవితమంతా సోమవారం సోమవారం కలెక్టరాఫీసుకు అర్జీలు మోశారు. రిటైరయ్యాక విసిగిపోయి నా దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నారు. గురువుకు గురువునయ్యే మహాభాగ్యం దక్కింది గానీ, ఆయన మౌస్‌ను డస్టర్‌లా బల్లంతా రుద్దుతుంటే ఆపడానికే సగం రోజులు పట్టాయి.

"అర్జీ ఇత్తే సదవరు. పేపర్లో రాత్తే సదవరు. ఆటిచ్చి సూడు గుంటా, ఓడిపోయినోడు మళ్లీ ఆడతాడు" అనేవారు. ఆయనకు నేనింకా గుంటనే, చిన్నపిల్లనే.

అలా ఇద్దరం కలిసి ఒక సెల్‌ఫోన్ ఆట తయారుచేశాం. పుస్తకాల సంచీతో గెడ్డ దాటాలి. గట్టు మీద మా నియోజకవర్గం నాయకుడు వంతెనకని వేసిన శంకుస్థాపన రాళ్లుంటాయి. రాయి తగిలితే నీళ్లలో పడతాం. తప్పించుకున్నా వరద వదలదు. అప్పుడు తెర మీద "నిధులు మంజూరైనవి. మళ్లీ మునగండి" అని వస్తుంది. గెలుపు లేదు. నిజం వంతెన కట్టాకే ఆటలో వంతెన అని మాస్టారి శాసనం.

ఆట రెండు జిల్లాలకు పాకింది. నరసన్నపేట బస్సులో కండక్టరు టిక్కెట్లు మానేసి మునుగుతుంటే నేనే చూశాను. మా ఊళ్లో మునిగి విసిగిన కొందరు సోమవారాలు మాస్టారి వెంట కలెక్టరాఫీసుకు నడవసాగారు. ఒకనాడు మా నాయకుడి మనుషులు నలుగురు మాస్టారింటికి వచ్చారు. వారిలో పెద్దాయన ఫోన్ తీసి, "ఏటి మాస్టారూ, ఇలగ సేసినారు? మా బాబు నాలుగు రాళ్లేసినారు, మీరు మూడే ఎట్టినారు. ఎనకటి ఎలక్షన్లప్పుడు ఏసింది మర్సిపోనారేటి?" అని బాధపడ్డాడు. మాస్టారు చేతులు జోడించి క్షమాపణ చెప్పి, వాళ్ల ముందే నాలుగో రాయి పెట్టించారు. వాళ్లు టీ తాగి, ఆ రాయిని ఫొటో తీసుకుని సంబరంగా వెళ్లారు.

నేనూ ఒక తప్పు చేశాను. మా అమ్మ మునిగి మునిగి విసిగిపోతుంటే జాలిపడి, మాస్టారికి చెప్పకుండా ఆటలో వంతెన కట్టేశాను. ఊరంతా దాటి స్వీట్లు పంచుకుంది. తర్వాతి సోమవారం అర్జీ పట్టుకుని మాస్టారు బయల్దేరితే వెంట ఒక్కరూ రాలేదు. "మొన్ననే దాటీసినాం కదా మాస్టారూ" అన్నారు.

ఆయన నన్ను కేకలేయలేదు. "నీళ్లు అలగే ఉన్నాయి గుంటా. కోపమే పోనాది" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడికక్కడే వంతెన కూల్చాను.

మా సమాధుల తోట గెడ్డకు అవతల ఉంది. మాస్టారి పెట్టెను భుజాలకెత్తుకుని, నడుంలోతు నీళ్లలో పాటలు పాడుతూ దాటించారు. గట్టు మీద నిలబడ్డ నాయకుడు కళ్లు తుడుచుకుని, సామ్యూలు మాస్టారి స్మారక వంతెన కట్టిస్తానని ప్రకటించారు. మూడోనాటికి ఆ పేరు చెక్కిన శంకుస్థాపన రాయి దిగింది. ఇది ఐదోది.

దాన్నీ ఆటలో పెట్టాను. ఆయన పేరు తగిలి జనం పడిపోతారంటే చెయ్యాడలేదు, ఏడుస్తూనే పెట్టాను. మానేస్తే ఆయన నన్ను క్షమించరు.

ఈ సోమవారం అర్జీ రాసుకుని నేను బయల్దేరితే, ముందు మా అమ్మ వచ్చింది. "మాస్టారి పేరు తగిలి పడిపోతన్నానే. నావల్ల కాదు, పద" అంది. ఆమె వెనక ఊరు ఊరంతా వచ్చింది. ఆ మహానుభావుడికి ఇంతకన్నా నివాళి ఏముంటుంది? కానీ ఇన్నేళ్లకు అందరం కదిలిన రోజున, మా ముందు నడవాల్సిన మనిషి లేరు.