చేదు సొరకాయ, పెదనాన్న షుగరు

ఈ ఉదయం ఎండ రాకముందే డాబా మీద సొరపాదు ఆకులు వాడి వేలాడుతున్నాయి. దానికున్న ఒక్క కాయనూ పెదనాన్న కోసి, షుగరు తగ్గాలని రోజూ తాగే జ్యూసు చేసుకున్నారు. ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"అబ్బ, కటిక చేదు!"

"అయితే తాగకండి, పెదనాన్నా."

"నీకు తెలీదమ్మా. ఎంత చేదైతే షుగరుకి అంత మంచిది."

సొరకాయలో చేదు మందు కాదు. పురుగులు తినకుండా మొక్క తయారుచేసుకునే విషం. అది తాగి ఆస్పత్రి పాలైనవాళ్ల గురించి చదివాను. అదంతా చెప్పేలోపు ఆయన రెండో గుక్కకు గ్లాసెత్తారు. గ్లాసు లాక్కుని సింకులో పారబోశాను.

పెదనాన్న వెంటనే జంగారెడ్డిగూడెంలో ఉన్న అత్తయ్యకు ఫోన్ చేశారు. "నోట్లో నాలుక లేని పిల్ల, నా చేతిలో గ్లాసు లాక్కుందే!" సాయంత్రానికి ఆయన కడుపు బాగానే ఉంది, కోపమే తగ్గలేదు.

దోసకాయను ముక్క కొరికి చూడకుండా పప్పులో వేయం కదా, మరి సొరకాయను ఎందుకు నమ్మేస్తాం? మీ ఇంట్లో రుచి చూస్తారా?

నీళ్లు చాలక ఎండకు వాడిన పాదుకే ఈ చేదు ఎక్కువగా వస్తుందట. మా డాబా మీద మొక్కలకు నీళ్లు పోసే పని నాది. వారం రోజులుగా పోయలేదు.