డిస్ట్రాయర్ అడుగు ప్లేట్ల మందం

మా పాపకు ఏడాది నిండాక నన్ను ఒమాన్‌లోని సలాలా రేవు సైట్‌కు వేశారు. అక్కడివాళ్లు ఖరీఫ్ అనే వానాకాలం అప్పుడే ముగిసింది. ఓడల ఉక్కు ప్లేట్ల మందం కొలిచే ఇన్‌స్పెక్టర్‌ని నేను. తుప్పు గీకించి గేజి ఆనిస్తే ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో తెలుస్తుంది. కట్టినప్పటి మందంలో పావు వంతుకు మించి అరిగితే ఆ ప్లేటు పనికిరాదు.

రేవులో ఉన్నది రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఒకే నమూనాలో వరసగా కట్టిన డిస్ట్రాయర్ యుద్ధనౌకల్లో ఒకటి. మ్యూజియం చేయడానికి టగ్ అనే లాగుడు పడవ లాక్కెళుతుంటే లోపలికి నీరు కారింది. నేను సరేనంటే దాని మీదుండే కాపలా మనుషులతో సహా మళ్లీ సముద్రంలోకి వెళుతుంది. కాదంటే తుక్కుకు.

అడుగున పంపు దగ్గర రెండు ప్లేట్లు తప్ప రీడింగులన్నీ ఆరున్నర మిల్లీమీటర్ల దగ్గరే. కొలతల షీట్‌లో అసలు మందం పది అని ఉంది, అంటే మూడో వంతుకు పైగా పోయినట్టు.

గ్రైండర్ పనిచేసే మల్లన్నది జగిత్యాల. “గింత పల్చటి రేకుతోని యుద్ధం జేసిన్రా మేడం? మా ఇంటి నీళ్ల ట్యాంకే నయం” అని నవ్వాడు. ఫోన్ చేస్తే మా సీనియర్ సర్వేయర్, “అరిగిందని రాసేయమ్మా, ఇంటికెళ్లి పాపను చూసుకో” అన్నారు.

రాయలేకపోయాను. అంత అరిగితే గుంటలుండాలి, గీకిన చోట ఉక్కు నున్నగా ఉంది. డిస్ట్రాయర్‌కు వేగం ముఖ్యం. బరువు తగ్గించడానికి మొదటే పలచటి ప్లేట్లు వేసి ఉండవచ్చు. కానీ ఎంత పలచన? డ్రాయింగులు దొరకలేదు. నా అంచనా తప్పైతే మనుషులు మునుగుతారు.

లోపలి మూలల్లో నీరు నిలవకుండా ఓడ కట్టేటప్పుడే పోసిన తారు ఇంకా గట్టిగా అంటుకుని ఉంది. దాన్ని తీయించాను. కింద తొలి ఎర్ర రంగు చెక్కుచెదరలేదు. “కొత్త పెండ్లిపిల్ల లెక్కున్నది మేడం!” అన్నాడు మల్లన్న. తుప్పే తగలని ఆ చోట గేజి ఏడు చూపింది. మిగతా మూలల్లోనూ అంతే.

నేను కబురు చేస్తే సీనియర్ సర్వేయర్ వచ్చి తనే మళ్లీ కొలిచారు.

“ఈ పది ఎవరు రాశారు?”

“మీరే సార్. సరుకు ఓడల లెక్క ప్రకారం.”

షీట్ తీసుకుని, పది కొట్టేసి ఏడు రాశారు. పంపు దగ్గర నిజంగానే తుప్పు తినేసిన ఆ రెండు ప్లేట్లు మార్పించి, ఓడ వెళ్లవచ్చని సంతకం చేశాను. అది క్షేమంగా చేరిందని టగ్ వాళ్లు చెప్పేదాకా నాకు కుదురు లేదు.

ఎంత అరిగిందో చెప్పాలంటే మొదట ఎంత ఉండేదో తెలియాలి. అది వేరే ఓడ లెక్కలోంచి తెచ్చుకునేది కాదు. ఉద్యోగం మానేదాకా అసలు మందం గడిని నేను అలవాటు కొద్దీ నింపలేదు.